పొలిమేర దాటని దొంగ

"నాకు తోడబుట్టినోడే లేడు సామీ. మాయమ్మకు నేనొక్కతినే. నా బిడ్డకు మేనమామ యాణ్ణించి ఊడిపడినాడు?"

ఈ ప్రశ్న వరదమ్మ పొద్దున చిత్తూరులో డిటెక్టివ్ దామోదరం గది గుమ్మంలో నిలబడి అడిగింది. బస్సులో మూడుసార్లు అడిగింది. ఇప్పుడు తిరుపతిలో 'నీడ' గేటు ముందు నిలబడి మళ్ళీ అడిగింది. జవాబు లేని ప్రశ్న పదేపదే వింటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు, తన మీదే.

"లోపలికి పదమ్మా. కనుక్కుందాం" అన్నాడు. ఆ మాట కూడా పొద్దుట్నించి అయిదోసారి.

ఇంట్లోంచి పారిపోయి రైలెక్కి వచ్చి, స్టేషన్లో దిక్కు లేకుండా తిరిగే పిల్లలకు తిండీ పడకా ఇచ్చి, ఊరు కనుక్కుని తల్లిదండ్రులకు అప్పగించే ఇల్లు ఈ 'నీడ'. రిటైరైన టీచరమ్మ నిర్మలమ్మ నాలుగేళ్ళుగా నడుపుతోంది. నగరిలో మగ్గం నేసుకు బతికే వరదమ్మ కొడుకు చిన్నబ్బ, తొమ్మిదేళ్ళవాడు, ఇక్కడే రెండు నెలలు ఉన్నాడు. ఆ సంగతి తల్లికి తెలియదు. జాతర సంతకు చీరలు తెచ్చిన వాళ్ళ వీధి మనిషి ఒకడు ఈ గేటు దగ్గర పిల్లవాణ్ణి చూసి, ఊరికి తిరిగి వెళ్ళి చెప్పాడు. ఆమె ఏడుస్తూ శనివారం వచ్చింది. గురువారమే 'మేనమామ' వచ్చి పిల్లవాణ్ణి తీసుకుపోయాడు. ఆదివారం, సోమవారం పోలీసు స్టేషన్ అరుగు మీద గడిచిపోయాయి. ఈరోజు మంగళవారం. దామోదరం గడియారం మధ్యాహ్నం ఒకటీ ముప్ఫై చూపిస్తోంది.

"శనివారమే నా దగ్గరికి వచ్చుంటే!" అని బస్సులో నోరు జారాడు. ఆమె మొహం చూశాక తన నోటిని తనే తిట్టుకున్నాడు.

పెరట్లో పదిహేనుమంది పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసలో కూర్చున్నారు. చీర కట్టి, గాజులు తొడిగి, జడకు పూలు చుట్టిన మీసాల మనిషి ఒకడు కుండలోంచి రాగి అంబలి పోస్తున్నాడు. గంగమ్మ జాతర ఆఖరి రోజు కాబట్టి ఊళ్ళో మొక్కున్న మగవాళ్ళంతా ఈపాటికి ఆ వేషంలోనే ఉన్నారు.

"తాగు సామీ, ఎండన పడొచ్చినావు. అమ్మోరి అంబలి" అంటూ దామోదరం చేతిలో ఒక గ్లాసు పెట్టాడు. వరదమ్మను చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నువ్వు కూసో అక్కా. బిడ్డ యాడికీ పోడు, దొరుకుతాడు. తల్లి ఉండాది గదా పైన."

"కుప్పయ్య" అంది నిర్మలమ్మ, ఎదురొచ్చి. "స్టేషన్లో టీ అమ్ముతాడు. మా పిల్లల్లో సగం మందిని ఇతనే తెచ్చాడు. ఇతను లేకపోతే ఈ ఇల్లు లేదు, దామోదరం గారూ."

దామోదరం అంబలి గటగటా తాగాడు. పొద్దుట్నించి ఆయనతో మర్యాదగా మాట్లాడిన మొదటి మనిషి ఇతనే. వరదమ్మను అతని దగ్గర కూర్చోబెట్టి ఆఫీసు గదిలోకి నడిచాడు.

గది అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఏసుక్రీస్తు పటం, బీరువాలో రెండు లావు రిజిస్టర్లు. ఒకటి పిల్లలు వచ్చినప్పుడు రాసేది. రెండోది అప్పగించినప్పుడు రాసేది.

"ఆ మనిషి ఎన్నింటికి వచ్చాడు?"

"పదకొండుకి."

"ఎన్నింటికి వెళ్ళాడు?"

"పదకొండూ ఇరవై."

"ఇరవై నిమిషాల్లో బిడ్డను రాసిచ్చేశారన్నమాట. ఇంట్లో మేకను అమ్మాలన్నా అంతకన్నా ఎక్కువసేపు బేరమాడతారు టీచరమ్మా."

నిర్మలమ్మ తల దించుకోలేదు. "నేను ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వను. మూడు ప్రశ్నలు అడుగుతాను. తల్లి పేరేమిటి, పిల్లవాడి ఒంటి మీద గుర్తేమిటి, ఇంట్లో వాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియని అలవాటేమిటి. మూడింటికీ తడుముకోకుండా చెప్పాడు. తల్లి వరదమ్మ, వేలూరు ఆస్పత్రిలో ఉంది, అందుకే రాలేకపోయింది అన్నాడు. కుడి మోచేతి కింద దీపం కాలిన మచ్చ అన్నాడు. నిద్రపోయేటప్పుడు అమ్మ కొంగు కొస నోట్లో పెట్టుకుంటాడు అన్నాడు."

గుమ్మం దగ్గర చప్పుడైంది. వరదమ్మ లేచి వచ్చి అంతా విన్నట్టుంది. తలుపు రెక్క పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఆ కొంగు సంగతి నాకూ వాడికీ తప్ప ఇంగెవురికీ తెలీదు సామీ. వాళ్ళ నాయనకు గూడా తెలీదు, ఆయన పోయి నాలుగేండ్లు. పడుగు పోగులు తెంచినాడని ఒగే ఒగ దెబ్బ కొట్టినా. ఒగే దెబ్బ. దానికి రైలెక్కి పోయినాడు."

ఇలాంటప్పుడు దామోదరానికి కోపం తప్ప వేరే దారి దొరకదు. "ఎప్పుడు పోయాడు? వారం, తేదీ చెప్పమ్మా, ఏడుపు తర్వాత!"

"ఆదివారం సామీ. మార్చి నెల. మజ్జాన్నం బండికి."

ఆయన మొదటి రిజిస్టరు లాగి పేజీలు తిప్పాడు. మార్చి పన్నెండు, శుక్రవారం. చిన్నబ్బ. ఉదయం ఏడు గంటలకు రైలు దిగి ప్లాట్‌ఫారం మీద ఏడుస్తుండగా తీసుకొచ్చారు.

"ఆదివారం మధ్యాహ్నం నగరిలో ఎక్కినవాడు శుక్రవారం పొద్దున తిరుపతిలో దిగాడా? రెండు గంటల దారికి అయిదు రోజులా?"

నిర్మలమ్మ తడబడింది. "ఎక్కడెక్కడో తిరిగి వచ్చుంటాడనుకున్నాను. ఈ పిల్లలంతా అంతే కదా."

"వచ్చినప్పుడు ఎలా ఉన్నాడు? చొక్కా, తల?"

"తలకు నూనె ఉంది" అంది నిర్మలమ్మ మెల్లగా. "పాపిడి తీసి దువ్వి ఉంది. నేను... అది పట్టించుకోలేదు."

అయిదు రోజులు ప్లాట్‌ఫారం మీద తిరిగిన పిల్లవాడికి తలకు నూనె ఎవరు పెట్టారు? దామోదరం సిగరెట్టు పెట్టె అట్ట చింపి దాని వెనక రాసుకున్నాడు. ఆ అయిదు రోజుల్లో పిల్లవాడు ఎవరికో తన కథంతా చెప్పాడు. కొంగు సంగతితో సహా.

"మేనమామను చూసి చిన్నబ్బ ఏమన్నాడు?"

"నవ్వాడు. పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. అది చూశాకే నాకున్న కాస్త అనుమానమూ పోయింది."

రెండో రిజిస్టరులో ఆ గురువారం పేజీ తెరిచాడు. మేనమామ మునస్వామి, ఊరు పాకాల. కింద వేలిముద్ర. దామోదరం జేబులోంచి భూతద్దం తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. రైల్వే పోలీసులో పద్దెనిమిదేళ్ళు రైటరుగా చేసిన మనిషికి వేలిముద్రలు కొత్త కాదు. కానీ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. నీలం సిరా గీతల మధ్య సన్నగా ఎర్రటి రవ్వలున్నాయి. పేజీ అంచున అరచేయి ఆనించిన చోట, చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా, లేత ఎరుపు మరక.

గోటితో గీకి వాసన చూశాడు. కుంకుమ.

"అతని చెవుల వెనక ఎర్రగా ఉందా టీచరమ్మా?"

"ఉంది! చెమటకాయలనుకున్నాను. మీకెలా తెలుసు?"

ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. పొద్దుట్నించి మొదటిసారి కాళ్ళ కింద కాస్త గట్టి నేల తగిలింది.

పిల్లలు పడుకునే హాల్లో చిన్నబ్బ చాప ఇంకా అలాగే చుట్టి గోడకు ఆనించి ఉంది. విప్పితే లోపల ఒక ఉతికిన చొక్కా, ఒక పలక, ఒక రేకు డబ్బా. డబ్బాలో తొమ్మిది పిప్పరమెంట్లు, కొత్త ఎర్ర రిబ్బను.

"అది సెల్లికి" అంది వరదమ్మ, ముట్టుకోవడానికి చెయ్యి రాక. "దానికి రిబ్బను కొనిస్తానని సెప్పి సెప్పి..."

దామోదరం డబ్బా మూత మూశాడు. ఆయన బుర్ర చకచకా నడుస్తోంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు రెండు నెలలు పిప్పరమెంట్లు నోట్లో వేసుకోకుండా చెల్లెలికి దాచాడు. ఇంటికి పోతున్నానని తెలిస్తే ఈ డబ్బా వదిలి పోతాడా? వాడికి తెలియదు. సాయంత్రం మళ్ళీ ఇక్కడికే వస్తాననుకుని పోయాడు.

వెనక ఎవరో నిలబడ్డట్టుంటే తిరిగి చూశాడు. పదేళ్ళ పిల్లవాడు, చేతిలో అంబలి గ్లాసు. "సార్..." అన్నాడు.

"నువ్వెవడివిరా? పనిలో ఉన్నాం కనబళ్ళా? పో, పోయి తాగు!"

వాడు పోయాడు. దామోదరం ఆ కసురుకోవడాన్ని ఆ సాయంత్రం చాలాసార్లు తలుచుకోవాల్సి వచ్చింది.

మూడూ పదికి జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ కృష్ణమూర్తి దిగాడు. గుంటూరు వైపు మనిషి. తిరుపతికి వచ్చి ఆరు నెలలే. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం, చంకలో లాఠీ. పదేళ్ళ క్రితం వీళ్ళిద్దరూ రేణిగుంటలో ఒకే గదిలో పనిచేశారు. ఒక కేసులో ఎఫ్.ఐ.ఆర్. తను చెప్పినట్టు రాయమని కృష్ణమూర్తి అన్నాడు, దామోదరం రాయలేదు. కృష్ణమూర్తికి ప్రమోషన్ వచ్చింది, దామోదరం ఉద్యోగం మానేశాడు.

"ఓహో, డిటెక్టివ్ గారు కూడా వేంచేశారా! జాతర బందోబస్తుతో చస్తుంటే నాకీ తలనొప్పి ఒకటి. ఏవమ్మా, నువ్వు పొద్దున చిత్తూరు కలెక్టరాఫీసులో నా మీదే అర్జీ ఇచ్చావంట?"

వరదమ్మ కుప్పయ్య వెనక్కి జరిగింది.

"ఆమెను వదిలెయ్ కృష్ణమూర్తీ. కోప్పడాలంటే నా మీద కోప్పడు. పిల్లవాడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు. రేపు తెల్లారేదాకా ఉంటాడు. తర్వాత ఉండడు."

"అబ్బో! టైముతో సహా! ఎవరు చెప్పారు, సోది చెప్పారా?"

దామోదరం రిజిస్టరు అతని ముక్కు కింద పెట్టాడు. "ఈ ఎరుపు చూడు. కుంకుమ."

"తిరుపతిలో కుంకుమ దొరికిందా? అరెరె, ఎంత వింత!"

"బొట్టు పెట్టుకుంటే వేలి కొసకు అంటుకుంటుంది. మణికట్టు దాకా, చెవుల వెనక దాకా అంటుకోదు. జాతరలో గురువారం బండ వేషం. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని వీధులు తిరుగుతారు. వీడు పొద్దున వేషం కట్టి, గుడికి పోయి, పదింటికి కడుక్కుని, పదకొండుకు ఇక్కడికి వచ్చాడు. పాకాల మనిషి కాదు. పాకాల నుంచి పొద్దున మొదటి బండి వచ్చేదే తొమ్మిదింటికి. రెండు గంటల్లో ఇంత పని జరగదు."

"ముందు రోజే వచ్చి పడుకున్నాడేమో!"

"పడుకోడు. అదే నీకు తెలియనిది. జాతరకు ముందు మంగళవారం చాటింపు వేస్తారు. చాటింపు అయినాక బయటూరివాడు ఈ ఊళ్ళో రాత్రి నిద్ర చెయ్యకూడదు. ఈ ఊరివాడు పొలిమేర దాటకూడదు. రేపు తెల్లారి అమ్మవారి విశ్వరూపం మట్టి బొమ్మకు చెంప తీసి జాతర ముగించేదాకా ఈ కట్టు. వేషం కట్టినవాడు ఈ ఊరివాడు, మొక్కున్నవాడు. మొక్కున్నవాడు పొలిమేర దాటడు. కాబట్టి పిల్లవాడూ దాటలేదు."

కృష్ణమూర్తి పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు గంగమ్మకు భయపడతాడా? నీకు ఎండదెబ్బ తగిలిందయ్యా."

"దొంగకు దేవుడి భయం ఉండదని నీకెవడు చెప్పాడు? కన్నం వెయ్యబోయే ముందు దణ్ణం పెట్టుకుని పోయేవాళ్ళని నువ్వూ నేనూ లాకప్పులో ఎంతమందిని చూళ్ళేదు? వాడు నీకు భయపడడు, నాకు భయపడడు. పొలిమేర దాటితే అమ్మోరు పోస్తుందని భయపడతాడు. నాలుగు దార్ల మీదా మనుషుల్ని పెట్టు. తెల్లవారుజామున పిల్లవాడితో దాటేవాణ్ణి పట్టుకో."

"లక్షమంది జనం. సగం మంది మగాళ్ళు చీరల్లో ఉన్నారు. పిల్లల మొహాలకు సున్నం, మసి. నీ కుంకుమ మరకను నమ్ముకుని నేను నాలుగు దార్లు మూయాలా?" నవ్వు ఆపేశాడు. "కాగితం ప్రకారం ఏముంది? మేనమామ వచ్చాడు, వేలిముద్ర వేశాడు, తీసుకుపోయాడు. తప్పు జరిగితే అనుమతి లేకుండా ఇల్లు నడిపే ఈ టీచరమ్మది. రేపు ఈమెను స్టేషన్‌కి పిలుస్తాను. ఇవి నా దగ్గరుంటాయి." రిజిస్టర్లు రెండూ లాక్కుని కానిస్టేబుల్‌కి ఇచ్చాడు.

"అవి తీసుకుపోతే నేను దేన్ని చూడాలి?"

"గంగమ్మను చూసుకో."

దామోదరం చెయ్యి పిడికిలి అయింది. కొట్టలేదు. కొడితే రేపు తెల్లారేదాకా తనే లాకప్పులో ఉంటాడు, పిల్లవాడు పొలిమేర దాటుతాడు. ఆ లెక్క తెలిసిన కృష్ణమూర్తి తాపీగా జీపెక్కాడు. ఎక్కి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు తల బయటపెట్టాడు.

"ఏవమ్మా, నీ వాంగ్మూలం కావాలి. ఇప్పుడే స్టేషన్‌కి వచ్చి రాయించు. లేకపోతే మళ్ళీ పట్టించుకోలేదని అర్జీలు పెడతావు. జీపులో చోటు లేదు, నడిచి రా."

ఆ జనంలో ఆమెకు దారి తెలియదు. కుప్పయ్య కుండ దించి కొంగు నడుముకు దోపుకున్నాడు. "నేను దిగబెట్టొస్తా సార్. పద అక్కా, పది నిమిషాలు."

"మంచిది, తీసుకురా" అన్నాడు కృష్ణమూర్తి. జీపు కదిలింది. మూడూ నలభై అయిదు.

దామోదరం మెట్టు మీద కూలబడ్డాడు. సిగరెట్టు వెలిగించబోతే అగ్గిపుల్లలు మూడూ ఆరిపోయాయి. ఊరు పట్టనంత జనం, రిజిస్టర్లు లేవు, పోలీసులు లేరు, ఒక కుంకుమ మరక తప్ప ఆధారం లేదు. చేతగాని కోపం కన్నా చేదైనది లోకంలో లేదు. అది మింగుతూ ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. గడియారం నాలుగున్నర దాటింది.

"సార్." మళ్ళీ ఆ పిల్లవాడే. "సిన్నబ్బ ఇంటికి పోలేదు సార్. ఏషాలు సూడను పోయినాడు. కొత్త సొక్కా తొడిగింది గూడా జాతరకే అనుకున్నాడు. సాయంకాలం వస్తానని నాకు సెప్పినాడు."

ఈసారి దామోదరం కసరలేదు. పక్కన చోటు చూపించాడు. "కూర్చో. నీ పేరేంటి?"

"దొరసామి."

"వాణ్ణి తీసుకుపోయిన మనిషి నీకు తెలుసా?"

"గుడ్లన్న గదా. దినామూ కోడిగుడ్డు ఉడకబెట్టి పెడతాడు, అందుకే గుడ్లన్న అంటాము. గుడ్లన్న ఇంట్లో నేను గూడా ఉన్నా సార్. ఈడికి రాకముందర. నేను నాలుగు దినాలు, సిన్నబ్బ అయిదు దినాలు."

"ఆ ఇంట్లో ఏం చేసేవాళ్ళు?"

"ఏమీ లేదు. తలంటి పోస్తాడు, గుడ్డు పెడతాడు, కతలు సెప్పమంటాడు. మీయమ్మ పేరేంది, ఒంటి మీద మచ్చ యాడుండాది, ఇంట్లో నిన్నేమని పిలుస్తారు, అట్ల. అన్నీ సెప్పినాక ఈడికి తెచ్చి ఇడిసిపెడతారు."

"ఆ ఇల్లు ఎక్కడ?"

"తెలీదు సార్. బయటికి పోనీరు."

"ఇదంతా టీచరమ్మకు ఎందుకు చెప్పలేదురా?"

పిల్లవాడు ఆశ్చర్యంగా చూశాడు. "ఎవురూ అడగలేదు గదా సార్. ఆ దినం గూడా అన్నీ గుడ్లన్ననే అడిగినారు. సిన్నబ్బను ఎవురూ ఏమీ అడగలేదు."

దామోదరానికి చెంప మీద కొట్టినట్టయింది. నిర్మలమ్మ మూడు ప్రశ్నలూ వచ్చినవాణ్ణే అడిగింది. తనూ పొద్దుట్నించి ఊరందర్నీ అడిగాడు, అన్నీ తెలిసినవాణ్ణి గుమ్మంలోంచి తరిమేశాడు.

"నిన్ను గుడ్లన్న ఇంటికి ఎవరు తీసుకుపోయారు? అక్కణ్ణించి ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

"కుప్పన్న" అన్నాడు దొరసామి, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. "రెండు తూర్లూ కుప్పన్నే."

దామోదరం లేచి ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు. నిర్మలమ్మ ఖాళీ బీరువా ముందు కూర్చుని ఉంది.

"పిల్లల ఊళ్ళకు ఉత్తరాలు రాస్తారు కదా. చిన్నబ్బ గురించి నగరికి రాశారా?"

"రెండు రాశాను. జవాబు రాలేదు."

"వరదమ్మకు ఒక్కటీ అందలేదు. మీ ఉత్తరాలు డబ్బాలో ఎవరు వేస్తారు?"

"కుప్పయ్య. స్టేషన్లో రైలు డబ్బాలో వేస్తే త్వరగా చేరుతుందని..." చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది.

"రిజిస్టర్లు పోతే పోయాయి. మీ పిల్లల పేర్లు మీకు నోటికి వచ్చు. తల్లీ తండ్రీ కాకుండా మేనమామ అనీ చిన్నాయన అనీ వచ్చి తీసుకుపోయినవాళ్ళను చెప్పండి. ఒక్కొక్కరినీ ఎవరు తెచ్చారో చెప్పండి."

ఆమె వేళ్ళ మీద మొదలుపెట్టింది. "సుబ్రమణ్యం, కుప్పయ్య తెచ్చాడు. జయరాముడు, కుప్పయ్య. అన్నదమ్ములిద్దరు ఉండేవాళ్ళు, వాళ్ళనూ కుప్పయ్యే..." ఒక చేయి వేళ్ళు అయిపోయాయి. రెండో చేయీ అయిపోయింది. "చిన్నబ్బతో పదకొండుమంది" అంది. "నేనే సంతకం పెట్టాను. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కడికీ కొత్త చొక్కా తొడిగి, ప్రార్థన చేసి, నా చేత్తో నేనే పంపించాను."

దొంగ పిల్లవాణ్ణి నేరుగా ఎత్తుకుపోతే కేసవుతుంది, తల్లి వెతుకుతుంది. అదే ఈ ఇంట్లో రెండు నెలలు ఉంచి, తల్లికి కబురు పోకుండా చూసుకుని, తర్వాత మేనమామను పంపిస్తే? అన్నం టీచరమ్మ పెడుతుంది. కాపలా టీచరమ్మ కాస్తుంది. ఆఖరున 'బంధువులకు అప్పగించడమైనది' అని కాగితం కూడా టీచరమ్మే రాసిస్తుంది. ఇక ఆ పిల్లవాడి కోసం ఈ లోకంలో ఎవరూ వెతకరు. ఆ తల్లి పొరపాటున వచ్చింది కాబట్టి తెలిసింది.

ఆ తల్లి!

దామోదరం గేటు తోసుకుని ఎదురుగా ఉన్న మందుల కొట్లోకి దూకాడు. టెలిఫోను లాక్కున్నాడు. రెండుసార్లు తప్పు నంబరు పోయింది. మూడోసారి కృష్ణమూర్తే ఎత్తాడు.

"వరదమ్మను లోపల కూర్చోబెట్టు. కుప్పయ్యను కదలనీయకు, కట్టెయ్. పిల్లల్ని తెచ్చేది వాడే, పంపేది వాడే. తర్వాత అంతా చెబుతాను."

"ఎవరయ్యా కుప్పయ్య? ఓ, ఆ అంబలి వాడా! వాడిక్కడెక్కడున్నాడు? నీ వరదమ్మ కూడా ఇంకా రాలేదు. నేను కాగితం పెట్టుకుని కూర్చున్నాను."

"సరిగ్గా చూడు. మూడూ నలభై అయిదుకు నీ కళ్ళ ముందే బయల్దేరారు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. ఎవరినో గద్దిస్తున్న గొంతు, బూట్ల చప్పుడు. మళ్ళీ కృష్ణమూర్తి లైన్లోకి వచ్చేసరికి ఆ గొంతులో ఇస్త్రీ మడత నలిగిపోయింది.

"గంట నుంచి ఒక్క ఆడమనిషి కూడా స్టేషన్ మెట్లు ఎక్కలేదంట. సెంట్రీ ఒట్టేసి చెబుతున్నాడు." కాస్త ఆగి, "దామోదరం, ఆమెను వాడితో పంపించింది నేనే కదూ?" అన్నాడు.

దామోదరం గడియారం చూశాడు. నాలుగూ యాభై రెండు. పది నిమిషాల నడక. బయల్దేరి గంటా ఏడు నిమిషాలు. కొట్టు బయట చీరలు కట్టిన మగవాళ్ళు వేలమంది డప్పుల వెంట పోతున్నారు. వాళ్ళ మధ్య ఒక చీర కట్టిన మగవాడు ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకుని పోతే ఎవరు తిరిగి చూస్తారు? చిన్నబ్బను చూసి వీడు నా బిడ్డ అని చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే. ఆ సంగతి కుప్పయ్యకు దామోదరం కన్నా ముందే తెలుసు.

"తెల్లారేదాకా టైముందన్నావు కదా" అంటున్నాడు కృష్ణమూర్తి, బతిమాలుతున్నట్టు. "నాలుగు దార్లూ మూయిస్తాను. ఇప్పుడే మూయిస్తాను. తెల్లారేదాకా టైముంది కదా?"

"అది బిడ్డకు" అన్నాడు దామోదరం. "వాణ్ణి పొలిమేర దాటించడానికి గంగమ్మ అడ్డం. తల్లిని కుప్పయ్య పొలిమేర దాటించాల్సిన పని లేదు, కృష్ణమూర్తీ. ఇక్కడే నోరు మూసేస్తే చాలు."

దామోదరం ఫోను పెట్టేసి, చెప్పులు అక్కడే వదిలేసి, ఆ జనంలోకి పరుగెత్తాడు.